పసిపిల్లల జ్వరానికి ఏది మేలు: పారాసిటమాలా, ఐబుప్రొఫెనా, తడిగుడ్డా?

అర్ధరాత్రి పసిబిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఇంట్లో మూడు పక్షాలు తయారవుతాయి. ఒకరు పారాసిటమాల్ చుక్కలు వేయమంటారు. ఇంకొకరు ఐబుప్రొఫెన్ అయితే ఎక్కువసేపు పనిచేస్తుందంటారు. ఈలోగా ఎవరో ఒకరు తడిగుడ్డ పట్టుకుని వచ్చేస్తారు.

బిడ్డకు మూడు నెలలు నిండకపోతే మాత్రం ఈ వాదనే వద్దు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ గానీ అంతకు మించి గానీ ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అంత చిన్న వయసులో రక్తంలో ఇన్‌ఫెక్షన్, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లాంటివి కూడా ఒక్కోసారి జ్వరంగా మాత్రమే బయటపడతాయి. మందు వేసి చూద్దామనుకుంటే ఉన్న ఆ ఒక్క గుర్తూ కాసేపు మాసిపోతుంది.

అంతకంటే పెద్ద పిల్లల సంగతికి వద్దాం. తడిగుడ్డను నేను చివరన పెడతాను. జ్వరం వచ్చినప్పుడు ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించే మెదడే ఆ లెక్కను పైకి జరుపుతుంది. మందు ఆ లెక్కను కిందికి దించుతుంది. గుడ్డ చర్మాన్ని చల్లబరుస్తుందే గానీ మెదడు లెక్కను మార్చలేదు. అందుకే తుడిచిన కాసేపటికే బిడ్డ వణుకుతుంది, ఆ వణుకుతో మళ్లీ వేడి పుడుతుంది. చన్నీళ్లయితే మరీ నష్టం: చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఉండిపోతుంది. స్పిరిట్ రుద్దడం ఇంకా ప్రమాదం, అది చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి చేరుతుంది. దుప్పట్లు తీసేసి పల్చటి బట్టలు వేస్తే సరిపోతుంది.

ఇక అసలు పోటీ రెండు మందుల మధ్యే. పారాసిటమాల్‌ను 4 నుంచి 6 గంటలకోసారి, ఐబుప్రొఫెన్‌ను 6 నుంచి 8 గంటలకోసారి ఇస్తారు. రాత్రి నిద్ర గురించి ఆలోచిస్తే రెండోదే నయమనిపిస్తుంది. కానీ సాధారణంగా ఆరు నెలల లోపు పిల్లలకు డాక్టర్ చెప్పకుండా దాన్ని ఇవ్వకూడదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు దాన్నిస్తే కిడ్నీల మీద దెబ్బ పడవచ్చు. ఆటలమ్మ పోసినప్పుడూ వద్దంటారు. పసిపిల్లల్లో జ్వరం, విరేచనాలు తరచూ జంటగానే వస్తాయి కాబట్టి నా ఓటు పారాసిటమాల్‌కే.

దానికీ ఒక గండం ఉంది: కొలత. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. ఒక్కో డోసుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 6 కిలోల బిడ్డకు ఎక్కువలో ఎక్కువ 90 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందైతే అది 0.9 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లకు 120 ఉండే సిరప్ అయితే 3.75. సిరప్ కొలతలో చుక్కల మందు పోశారనుకోండి, డోసు నాలుగు రెట్లు దాటుతుంది, దెబ్బ లివర్‌కు. ఈ గందరగోళం వల్లే అమెరికాలో కంపెనీలు 2011లో పసిపిల్లల గాఢ చుక్కలను ఆపేసి ఒకే గాఢతకు మారాయి. వంటింటి చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చిన డ్రాపరే వాడండి. జలుబు మందులోనూ పారాసిటమాల్ ఉండొచ్చు, లేబుల్ చూడండి.

రెండు మందులూ మార్చి మార్చి ఇస్తే? నిద్రమత్తులో ఏది ఎప్పుడు వేశామో కలగాపులగమవుతుంది. డాక్టర్ చెబితే తప్ప నేనైతే ఆ జోలికి పోను. ఆస్పిరిన్ మాత్రం ఎప్పుడూ వద్దు. రైస్ సిండ్రోమ్ (Reye's syndrome) అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదముంది.

చాలామంది ఫిట్స్ వస్తాయన్న భయంతో మందు వేస్తారు. నిజానికి ఈ రెండింటిలో ఏదీ జ్వరపు ఫిట్స్‌ను ఆపుతుందని చెప్పలేం. మందు బిడ్డ బాధ తగ్గించడానికే. 101 ఉన్నా పాలు తాగుతూ ఆడుకుంటుంటే ఏమీ వేయక్కర్లేదు. 100.6 మాత్రమే ఉన్నా మగతగా పడి ఉంటే, పాలు తాగకపోతే, గంటల తరబడి మూత్రం పోయకపోతే, ఊపిరి ఎగబీలుస్తుంటే మాత్రం మందు దగ్గర ఆగకుండా బయలుదేరాలి. వెళ్లేటప్పుడు ఏ మందు, ఎంత, ఎన్నింటికి వేశారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. అక్కడ ముందు అడిగే ప్రశ్నల్లో అదొకటి.