దున్న దూడలకు ఇంట్లో కలిపిన దాణా: కొన్నేళ్లు వాడాక నా మాట

మా నల్లగొండ దిక్కు వరిగడ్డికి కొదవ లేదు. కానీ అందులో ప్రొటీన్ 3, 4 శాతమే. అది తిని దూడ బతుకుతుంది తప్ప పెరగదు. అందుకే మాంసం కోసం పెంచే దున్న దూడలకు ఇంట్లోనే దాణా కలుపుతున్నాను. 100 కిలోల దాణాకు మక్కపిండి 35 కిలోలు, పత్తి చెక్క (పత్తి గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) 35, మిర్యాలగూడ మిల్లుల తవుడు 27, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. ప్రొటీన్ సుమారు 15 శాతం పడుతుంది.

చాలామంది చెక్క ఎంత ఎక్కువ పెడితే అంత కండ పడుతుందనుకుంటారు. అది నిజం కాదు. పొట్టలోని సూక్ష్మజీవులకు ప్రొటీన్‌తో పాటు మక్కల నుంచి వచ్చే శక్తి కూడా అదే సమయంలో అందాలి. అందకపోతే మిగిలిన ప్రొటీన్ అమ్మోనియాగా మారి మూత్రంలో పోతుంది, దాంతోపాటు మన పైసలూ పోతాయి. కొట్టంలో ఘాటు వాసన పెరిగితే ముందు దాణానే చూస్తాను. పేడ పలచబడి పుల్లటి వాసన వస్తే మక్కలు ఎక్కువైనట్టు. గట్టిగా, పొడిగా పడితే ప్రొటీన్ తగ్గిందేమో చూడాలి. నాకు రోజూ పనికొచ్చే లెక్క ఇదే.

వయసును బట్టి పాళ్లు మారాలి. ఆరు నెలలు దాటిన చిన్న దూడకు కండ, ఎముక పెరిగే కాలం కాబట్టి పత్తి చెక్కలో సగం తీసి పల్లి చెక్క వేస్తాను, ప్రొటీన్ 18 శాతం దాకా వస్తుంది. అమ్మే ముందు నెలల్లో మక్కపిండిని మెల్లమెల్లగా 50కి పెంచి, చెక్కను 20కి దించుతాను. ఒక్కసారే పెంచితే పొట్ట పాడవుతుంది. నాలుగు నెలల లోపు దూడకు మాత్రం పత్తి చెక్క వద్దే వద్దు. అందులోని గాసిపాల్ అనే విషాన్ని ఆ పొట్ట ఇంకా తట్టుకోలేదు.

గడ్డి విషయంలో యూరియా మాగుడు నాకు బాగా నచ్చింది. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి పోకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. ప్రొటీన్ దాదాపు రెట్టింపవుతుంది, గడ్డి మెత్తబడి బాగా తింటాయి. తీశాక కొంతసేపు ఆరబెట్టే వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయకూడదు.

ఇబ్బందులూ ఉన్నాయి. చెక్క ధర నిలకడగా ఉండదు, పొట్టు కలిపిన సరుకు కూడా వస్తుంది. వానాకాలంలో పల్లి చెక్కకు బూజు పడితే ఎంత ధర పెట్టి కొన్నా పారేయాల్సిందే. అయినా ఒకటి రెండు దూడలున్న వాళ్లు కూడా ఇది కలుపుకోవచ్చు. బరువు తూచే యంత్రం లేకపోతే టేపుతో ఛాతీ చుట్టుకొలత నెలకోసారి రాసుకోండి, దాణా పని చేస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.