తొమ్మిది వానాకాలాలు చూసిన కిరి తాన్సు

2015 అక్టోబరులో టోక్యోలో పాత సామాన్ల దుకాణంలో ఈ తాన్సు కొన్నాను. తాన్సు అంటే సొరుగుల పెట్టె. మాది రెండు ముక్కలుగా ఉండి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటుంది. వెడల్పు 95, ఎత్తు 103, లోతు 42 సెంటీమీటర్లు. చెక్క కిరి, అంటే పౌలోనియా చెట్టుది. బాగుచేసి అమ్మారు కాబట్టి 1,65,000 యెన్లు పడింది.

కొన్నది పట్టుచీరల కోసం. నిషి-కసాయ్‌లో మా ఇల్లు సముద్రానికి దగ్గర. జూన్‌లో త్సుయు వానలు మొదలయ్యాయంటే గోడ అల్మరాలో తేమే తేమ. తాన్సు కొనక ముందు, ఆ ఏడాదే వానలు వెలిశాక నా ధర్మవరం పెళ్ళిచీర విప్పితే మడతల వెంట తెల్లటి బూజు చుక్కలు కనిపించాయి. ఆ రోజు చాలా ఏడ్చాను. తాన్సు వచ్చాక తొమ్మిది త్సుయులు గడిచాయి. ఇప్పటిదాకా ఒక్క చీరకీ బూజు పట్టలేదు.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మకి నచ్చలేదు. "ఏమే, ఇంత డబ్బు పోసి వార్నిష్ కూడా లేని పాత పెట్టె కొన్నావా?" అంది. వార్నిష్ లేకపోవడమే దీని ప్రాణం. బాగుచేసేవాళ్ళు ముందు ఇనప పిడులూ రేకులూ ఊడదీస్తారు. చెక్కని వేడినీళ్ళతో కడిగి ఏళ్ళనాటి మసి వదిలిస్తారు. పగుళ్ళలో కిరి ముక్కలే అతికించి, పైపొర సన్నగా చిత్రిక పడతారు. తర్వాత గడ్డివేళ్ళ కట్టతో రుద్దితే మెత్తటి భాగం అణిగి చారలు పైకి తేలతాయి. చివరికి తోనోకో అనే మెత్తటి మట్టిపొడిని యషా కాయల రసంలో కలిపి పూసి, మైనం రుద్దుతారు. చెక్క రంధ్రాలు మూసుకుపోవు. వేలితో నిమిరితే ఎండిన తాటాకు మీద నిమిరినట్టు సన్నటి గీతలు తగులుతాయి.

జపాన్‌లో దొరికే చెక్కల్లో కిరి అన్నిటికన్నా తేలిక. ఉబ్బడం, కుంచించుకుపోవడం కూడా తక్కువే. అయితే సొరుగులు వెంట్రుకవాసి సందు కూడా లేకుండా అమరుస్తారు కనక, తేమకి కొంచెం ఉబ్బినా బిగుసుకుంటాయి. ఆ బిగువే బయటి తడిని లోపలికి రానివ్వదు. మొదటి జూన్‌లో పెట్టె పాడైందనుకుని పిడి పట్టుకుని బలంగా లాగాను. పిడి మేకు కదిలిపోయింది. ఇప్పుడైతే ముసురు పట్టిన రోజుల్లో దాని జోలికి వెళ్ళను. ఏ చీర కావాలన్నా ముందే తీసి పెట్టుకుంటాను.

ఎవరైనా ఇంటికొస్తే నేను తప్పకుండా చూపించేది ఒకటుంది. పైముక్కలో ఒక సొరుగు మెల్లగా లోపలికి నెడితే, దాని పైనున్నది తనంతట తానే రెండంగుళాలు బయటికొస్తుంది. లోపలి గాలి ఎటూ పోలేక దాన్ని తోస్తుంది. కిందిముక్కలో మాత్రం ఇది ఎప్పుడూ జరగలేదు. మూడేళ్ళు పట్టించుకోలేదు. 2018లో ఇల్లు మారేటప్పుడు వెనక్కి తిప్పి చూస్తే, కిందిముక్క వీపుకి కిరి పలక బదులు ప్లైవుడ్, దానికి ఇనప మేకులు. మూలన అగ్గిపుల్ల పట్టేంత సందు. అమ్మినవాళ్ళు ఈ సంగతి చెప్పలేదు. ఫోన్ చేస్తే "వెనకవైపు ఎవరూ చూడరు కదా" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ నాకు కోపమే. కసుకబె వైపున్న ఒక పనివాడి దగ్గర 38,000 యెన్లిచ్చి కిరి పలక వేయించాను. ఆయన ఒక్క ఇనప మేకు వాడలేదు. వరి తవుడుతో వేయించిన ఉత్సుగి చెక్కమేకులే కొట్టాడు. ఇప్పుడు కిందిముక్క కూడా గాలి తోస్తుంది. మీరు కొనేటప్పుడు ముందు వైపు ఇనప పూలు చూసి మురిసిపోకండి, గోడ నుంచి జరిపించి వీపు చూడండి.

సొరుగులు కిమోనో కొలతకి చేసినవి. కాబట్టి వెడల్పెక్కువ, లోతు తక్కువ. చీరలు మూడు వరసల్లో, వరసకి నాలుగు చొప్పున పడతాయి. బరువు పడి జరీ విరగదు. కిమోనోలు చుట్టే తతోషి కాగితంలోనే గద్వాల, ఉప్పాడ చీరలు చుడతాను. మొదట్లో ఒక తప్పు చేశాను. ఊరి అలవాటు కొద్దీ కలరా ఉండలు వేసి, మళ్ళీ కర్పూరం బిళ్ళలు కూడా పెట్టాను. ఆ రెండూ కలిస్తే కరిగి నీరవుతాయి. వెంకటగిరి చీర అంచు మీద పడిన మరక ఇంకా పోలేదు. వేస్తే ఏదో ఒకటే వేయండి.

లోపాలు కూడా చెప్పాలి. కిరి మెత్తన, గోరు గుచ్చుకున్నా గుంట పడుతుంది. తడి చెయ్యి తగిలితే తోనోకో మీద మచ్చ మిగులుతుంది. మా పాప మంచినీళ్ళ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక అలాగే ఉంది. తడిగుడ్డ తగలనివ్వకూడదు, పొడిగుడ్డతోనే తుడవాలి. భూకంపమంటే భయం ఉండనే ఉంది. 2021 అక్టోబరు 7 రాత్రి వచ్చినప్పుడు పైముక్క రెండు వేళ్ళ మేర జరిగింది. చెక్కకి బెజ్జాలు పెట్టడం ఇష్టం లేక, పైకప్పుకీ పెట్టెకీ మధ్య బిగించే కడ్డీలు పెట్టాను.

గుంటూరు జిల్లాలో మా నాయనమ్మగారి భోషాణం కదపాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి. ఇది నేనూ మావారూ చెరో ముక్కా ఎత్తేస్తాం. పక్కల ఇనప పిడులు పైకి లేపితే వాటిలోంచి కర్ర దూర్చి మోయొచ్చు. అందుకే జపనీయులు తాన్సులని ఒక సావో, రెండు సావోలు అని లెక్కపెడతారు. సావో అంటే కర్ర. ఆడపిల్ల పుడితే కిరి చెట్టు నాటి, పెళ్ళికి దాంతో తాన్సు చేయించే ఆచారం కూడా ఉండేది. మా పెట్టె ఎవరి పెళ్ళికి చేశారో గానీ, అడుగు సొరుగు వెనక సిరాతో తైషో 7 అని రాసుంది. అంటే తైషో చక్రవర్తి కాలంలో ఏడో ఏడు, 1918. ముందు వైపంతా చిత్రిక పట్టినా, ఆ రాత జోలికి పోనందుకు మొదటి దుకాణం వాళ్ళకి కూడా దణ్ణం పెట్టుకున్నాను.

ఎర్రటి లక్క పూతా, నిండా ఇనప పనీ ఉన్న సెందాయ్ తాన్సులు చూడటానికి ఇంతకన్నా అందంగా ఉంటాయి. వాటి ముఖం కెయాకి చెక్క, బరువు. గదికి అందం కోసమైతే అవి కొనండి, బట్టల కోసమైతే కిరి. వీపు పలక మార్చిన రోజు కసుకబె ఆయన ముందు పలకల మందం కొలిచి, ఇంకొక్కసారి కడిగి చిత్రిక పట్టడానికి సరిపోతుందన్నాడు. ఆ పని మా పాప చూసుకుంటుంది. రెండో సొరుగు తనదేనని ఇప్పటికే చెప్పేసింది.