ఇరుక్కున్న బిల్లుల కోసం మూడు దారులు: ఎనిమిదేళ్ల అనుభవం

జీడిమెట్లలో మాది చిన్న మెషిన్ షాపు. షాఫ్టులు, ఫ్లాంజీలు చేసిస్తాం. పెద్ద కంపెనీల దగ్గర బిల్లులు ఇరుక్కుని మూడు దారులూ తొక్కాను.

మొదటిది ఏ సంస్థా లేని ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి తీర్పు చెప్పడం. పీవో (కంపెనీ ఇచ్చే కొనుగోలు ఆర్డర్) వెనక పేజీలో సన్న అక్షరాలతో 'ఆర్బిట్రేటర్‌ను కంపెనీ ఎండీ నియమిస్తారు' అని ఉంది. ఆర్డర్ వచ్చిన సంబరంలో చదవలేదు. సిట్టింగుకు ఇంత అని ఫీజు. వాళ్ల వకీలు వాయిదా అడిగినప్పుడల్లా నా జేబుకు చిల్లు. మూడేళ్లకు అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) వస్తే అందులో సగం ఖర్చులకే పోయింది. ఒక పక్షమే తన ఇష్టం వచ్చినవాణ్ని ఏకైక ఆర్బిట్రేటర్‌గా పెట్టుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అయినా ఆ క్లాజు నాకొచ్చే పీవోల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది.

రెండోది ఎంఎస్‌ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్, అంటే చిన్న పరిశ్రమల బకాయిల గొడవలు తేల్చే ప్రభుత్వ మండలి. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉంటే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్లో మనమే కేసు వేసుకోవచ్చు. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఎంత రాసుకున్నా బిల్లు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు. అది దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. అవార్డును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు అవార్డు సొమ్ములో 75 శాతం డిపాజిట్ చేయాలి. నోటీసు అందిన నెలకే మాకు బాకీ ఉన్న కంపెనీ అసలు కట్టేసి, వడ్డీ వదిలేయమని ఫోన్ చేసింది. తర్వాతి ఆర్డర్లు కావాలి కదా, వదిలేశాను. ఆ బాధ ఇంకా ఉంది.

మూడోది నాకు బాగా నచ్చింది: న్యాయసేవాధికార సంస్థ ద్వారా మీడియేషన్, అంటే తీర్పు చెప్పకుండా ఇద్దరినీ రాజీకి తెచ్చే పద్ధతి. 3 లక్షలు, ఆపైన విలువుండే వాణిజ్య దావా వేయాలంటే, అత్యవసర ఉత్తర్వు అక్కర్లేనప్పుడు, ముందు ఇక్కడికి రావాల్సిందే. మీడియేటరమ్మ మా ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, చలాన్లన్నీ బల్ల మీద పరచమన్నారు. ఒక చలాన్ మూల పెన్నుతో '4 రిజెక్ట్' అని రాసి ఉంది. రెండేళ్ల గొడవ ఆ నాలుగు ఫ్లాంజీల దగ్గరే మొదలైందని నాకు అప్పుడే తెలిసింది. వాళ్ల పర్చేజ్ మేనేజర్ అక్కడి నుంచే స్టోర్స్‌కి ఫోన్ చేస్తే, అవి ర్యాకులోనే ఉన్నాయన్నారు. నాలుగూ మార్చిస్తానన్నాను, మిగతా డబ్బు రెండు విడతల్లో ఇస్తామన్నారు. ఆ ఒప్పందానికి అవార్డుతో సమానమైన బలం ఉంది. వాళ్లు ఇప్పటికీ మాకు ఆర్డర్లిస్తున్నారు.

ఇప్పుడు పీవో రాగానే వెనక పేజీ తిప్పుతాను. ఎండీ క్లాజు ఉంటే కొట్టేసి, 'ముందు మీడియేషన్, తర్వాత సంస్థ నిబంధనల ప్రకారం ఆర్బిట్రేషన్, హైదరాబాద్‌లో' అని రాసి పంపుతాను. 2021 డిసెంబరులో ప్రారంభమైన ఐఏఎంసీ (అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం) లాంటి సంస్థ మన ఊళ్లోనే ఉంది. ఏ సంస్థ పేరు రాసినా, మీ బిల్లు సైజుకు దాని ఫీజు పట్టిక గిట్టుబాటవుతుందో లేదో లెక్క చూసుకున్నాకే రాయండి.