ఎర్ర జూలియాతో ఆరేళ్ళు, 71 వేల మైళ్ళు

2018 మేలో ఈ బండి కొన్నప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా వాళ్ళంతా అడిగింది ఒకటే ప్రశ్న: "క్యామ్రీకి ఏమొచ్చింది?" మా పాత టొయోటా క్యామ్రీకేమీ రాలేదు. పదకొండేళ్ళలో ఒక్కరోజు మొరాయించలేదు. ఒక్కరోజైనా ఊరికే ఒక రౌండ్ వేసొద్దాం అనిపించనూ లేదు. ఈ రెండో ముక్క చెప్తే ఎవరికీ ఎక్కదు కాబట్టి, "ఆఫర్ బాగుంది" అని అబద్ధమాడాను.

కొన్నది ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో చేసే జూలియా, టీఐ మోడల్. రెండు లీటర్ల టర్బో ఇంజను, 280 హార్స్‌పవర్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్ళే రకం. స్పోర్ట్ ప్యాకేజీ కలిపి స్టిక్కర్ ధర 46 వేల డాలర్లు దాటింది. అంత డబ్బుకు జర్మన్ బళ్ళు ఏవేవి వస్తాయో బావ ఒక ఎక్సెల్ షీటు చేసి పంపాడు. చూశాను. ఒక శనివారం వాటినీ దీన్నీ నడిపి చూశాను కూడా. షీటులో లేని విషయం ఒకటి ఆ రోజే తెలిసింది, స్టీరింగ్.

అనుమానాలు నాకు లేక కాదు. బావకంటే నాకే ఎక్కువ. ఆల్ఫా రోమియో 1995లో అమెరికా మార్కెట్ వదిలి వెళ్ళిపోయిన కంపెనీ. దాదాపు ఇరవై ఏళ్ళకు 4సీ అనే చిన్న రెండు సీట్ల కారుతో తిరిగొచ్చింది, వెనకే ఈ జూలియా. ఆల్ఫాను నడిపే గ్రూపుకు అప్పటి పెద్దాయన సెర్జియో మార్కియోన్నే 2014లో ఒక ప్లాన్ ప్రకటించాడు, 2018కల్లా ఏడాదికి 4 లక్షల ఆల్ఫాలు అమ్ముతామని. 2018 వచ్చింది, ఆ అంకె దరిదాపుల్లో కూడా లేరు. ఆ జులైలో ఆయన చనిపోయారు. నేను బండి కొని అప్పటికి రెండు నెలలు. ఆ వార్త చదివిన రాత్రి నాకు పట్టుకున్న టెన్షన్ బండి చెడిపోతుందని కాదు. వీళ్ళు మళ్ళీ సర్దుకుని వెళ్ళిపోతే నట్లూ బోల్టులూ ఎక్కడ వెతుక్కోవాలి?

ఆరేళ్ళ తర్వాత చూస్తే నేను భయపడింది ఒకటి, జరిగింది ఇంకొకటి.

ముందు స్టీరింగ్ సంగతి. దీని స్టీరింగ్ రేషియో 11.8, అంటే ముందు చక్రం ఒక డిగ్రీ తిరగాలంటే స్టీరింగ్ 11.8 డిగ్రీలు తిప్పాలి. మామూలు సెడాన్లలో ఇంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. అంటే మిగతా బళ్ళలో ముప్పావు చుట్టు తిప్పే చోట ఇందులో అర చుట్టు తిప్పితే సరిపోతుంది. మొదటి వారం టర్న్‌పైక్ మీద తుమ్మితే లేన్ అంచు దాకా వెళ్ళాను. "నిద్రొస్తోందా?" అంది మా ఆవిడ. క్యామ్రీకి అలవాటు పడ్డ చేతులు, చెప్పినదానికంటే ఎక్కువ తిప్పేస్తాయి. పది రోజులు పట్టింది, చేతులు బుద్ధి తెచ్చుకోవడానికి.

ఆ తర్వాత మొదలైంది అసలు సుఖం. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు 287 హైవే మీంచి రూట్ 1 రోడ్డులోకి దిగే ర్యాంపు ఒకటుంది. ఇన్నేళ్ళూ ఆ వంపును నేను వంపుగా చూడలేదు, బ్రేకు తొక్కాల్సిన చోటు, అంతే. జూలియాలో దాన్ని ఒకే పట్టుతో తీసుకోవచ్చు. చేతులు ఒకసారి తిప్పి ఆపితే, మధ్యలో దిద్దుకోవాల్సిన పనే రాదు. ముందు చక్రాలు ఎక్కడ ఉన్నాయో అరచేతికి తెలుస్తుంటుంది. వేగం 35 మైళ్ళే ఉంటుంది, ఎవడికీ ప్రమాదం లేదు, పోలీసుకు పని లేదు. ఆ పన్నెండు సెకన్ల కోసం లోకల్ రోడ్డు ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా 287 ఎక్కుతాను.

దీని వెనక పనితనం ఉంది. తలుపులు అల్యూమినియం, గేర్‌బాక్సు నుంచి వెనక్కి వెళ్ళే షాఫ్ట్ కార్బన్ ఫైబర్, బరువు ముందూ వెనకా దాదాపు చెరిసగం. క్వాడ్రిఫోలియో అనే పెద్దక్క ఒకటుంది, 2.9 లీటర్ల వీ6, 500కు పైగా హార్స్‌పవర్. అది 2016లో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 7 నిమిషాల 32 సెకన్లలో చుట్టేసింది. నాది ఆ ఇంట్లోనే పుట్టిన చెల్లెలు, ఆఫీసుకీ ఓక్ ట్రీ రోడ్డుకీ తిరుగుతుంది. ఇంజను మాత్రం పాట పాడదు. నిలబడి ఉన్నప్పుడు చిన్న డీజిల్ బండిలా టకటకలాడుతుంది. ఇటలీ బండంటే సంగీతం ఆశించేవాళ్ళు పెద్దక్క దగ్గరికే వెళ్ళాలి.

కొన్న నెలకే అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చారు. బ్రిడ్జ్‌వాటర్ గుళ్ళో వాహన పూజ. పూజారి గారు బానెట్ మీద ఓం రాస్తుంటే అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ముందున్న బ్యాడ్జీని చూసింది. "ఒరే, ఇందులో పాముందిరా. నోట్లో మనిషున్నాడు!" అది మిలన్ నగరాన్ని ఏలిన విస్కోంటి వంశం గుర్తు, 1910లో అక్కడ పుట్టిన కంపెనీ కాబట్టి పెట్టుకున్నారు అని చెప్పబోయాను. వినలేదు. చవితి నాడు పుట్ట దగ్గర పెట్టినంత శ్రద్ధగా ఆ పాముకు పసుపూ కుంకుమా పెట్టింది. క్రోమ్ సందుల్లో ఇరుక్కున్న ఆ పసుపు పోవడానికి రెండు చలికాలాలు పట్టింది. బండి ఇన్నాళ్ళు బాగుండటానికి ఇంజనాయిల్ కారణమని నేనంటాను, అమ్మ ఒప్పుకోదు.

నాన్న తీరు వేరు. 80లలో ఆయన ఫియట్ నడిపారు. కాగితాల మీద ప్రీమియర్ పద్మిని, మా ఇంట్లో మాత్రం ఫియటే. బొంబాయిలో తయారైనా దాని పుట్టిల్లు ఇటలీ. 1986 నుంచి ఆల్ఫా రోమియో కూడా ఫియట్ చేతికే వచ్చింది కాబట్టి వరసకు ఇది దానికి బంధువే. ఇంటి ముందు డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. స్టీరింగ్ వెనక గేర్లు మార్చడానికి రెండు పొడవాటి అల్యూమినియం రెక్కలుంటాయి. స్టీరింగ్‌తో పాటు తిరగవు, ఉన్నచోటే ఉంటాయి. నాన్న ఎడమ చెయ్యి చూడకుండానే ఎడమ రెక్క మీదికి వెళ్ళింది. ఫియట్‌లో గేరు రాడ్డు ఉండేది సరిగ్గా అక్కడే. రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని, "మళ్ళీ ఇక్కడికే తెచ్చారన్నమాట" అన్నారు. అది గేరు దించడానికే, ఎక్కించడానికి కుడిదని చెప్పేలోపు కింద చప్పుడైంది. ఎడమ కాలు క్లచ్ కోసం వెతుకుతోంది.

ఇక జరిగినవి చెప్తాను.

2020 వసంతంలో ఆరు వారాలు బండి కదల్లేదు, ఎవరి బండీ కదల్లేదు. ఒక ఉదయం మందుల కోసం బయల్దేరితే మీటర్ల మీద పసుపు దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. బ్రేకులు చూపించు, ఎయిర్‌బ్యాగ్ చూపించు, ఇంకేదో చూపించు. ఇదే, నేను భయపడ్డ రోజు వచ్చేసింది అనుకున్నాను. బావ మాస్కు కట్టుకుని, కేబుళ్ళు పట్టుకుని వచ్చాడు. బానెట్ ఎత్తి వెతికాడు. టార్చి వేసి వెతికాడు. "ఏమోయ్ బావమరిదీ, వీళ్ళు బ్యాటరీ పెట్టడం మర్చిపోయారు." బ్యాటరీ డిక్కీలో, నేల చాప కింద ఉంది. బరువు ముందూ వెనకా సరిపోవాలని అక్కడ పెట్టారని వివరించాను. "బరువు సరిపోయింది. బండి కదలడం లేదు" అన్నాడు. తప్పు నాదే, వారానికోసారైనా తిప్పాల్సింది. ఇంత ఎలక్ట్రానిక్స్ ఉన్న బండికి బ్యాటరీ కొంచెం నీరసపడినా ప్రతి మూలనుంచీ ఫిర్యాదులొస్తాయి. కొత్త బ్యాటరీ వేశాక దీపాలన్నీ వాటంతటవే ఆరిపోయాయి. అప్పటినుంచి నాలుగేళ్ళకోసారి అడక్కుండానే మార్చేస్తున్నాను.

రెండోది గుంత. మార్చిలో మంచు కరిగాక న్యూజెర్సీ రోడ్లు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. రాత్రి వానలో నీళ్ళు నిండిన గుంతలో ముందు చక్రం దిగింది. టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె. ఈ బండికి స్టెప్నీ లేదు. పంక్చరైనా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చింది. పేరు బాగుంది గానీ, ఆ టైరు గోడ రాయిలా ఉంటుంది, ప్రతి అతుకూ వెన్నెముకకు చెప్తుంది. ఆ సైజు దగ్గర్లో ఏ దుకాణంలోనూ లేక రెండు రోజులు ఆఫీసుకు మా ఆవిడ దింపింది. ఆ తర్వాత నాలుగూ మామూలు ఆల్ సీజన్ టైర్లకు మార్చాను, డిక్కీలో గాలి కొట్టే చిన్న మెషీన్, రంధ్రం పూడ్చే కిట్ పెట్టుకున్నాను. బండి మారిపోయింది. ఎగుడుదిగుళ్ళ మీద సౌమ్యంగా పోతుంది, స్టీరింగ్ చురుకు ఏమంత తగ్గలేదు. ఆరేళ్ళలో నేను పెట్టిన ఖర్చుల్లో ఫలితం కనిపించింది ఇదే.

మూడోది అన్నిటికంటే పెద్దది, దానికీ బండికీ సంబంధం లేదు. నేను కొన్న డీలరు మూడో ఏడు ఈ బ్రాండ్ వదిలేశాడు. ఒకరోజు ఫోన్ చేస్తే, "మేమిప్పుడు ఆల్ఫాలు చూడటం లేదండీ" అని మర్యాదగా చెప్పి పెట్టేశారు. ఇంటికి పది నిమిషాల్లో ఉన్న సర్వీసు నలభై మైళ్ళ దూరానికి వెళ్ళింది. అపాయింట్‌మెంట్‌కు మూడు వారాలు. అప్పుడు అర్థమైంది, మార్కియోన్నే పోయిన రాత్రి నాకు పట్టుకున్న భయం పూర్తిగా తప్పు కాదు. కంపెనీ వెళ్ళలేదు. 2021 నుంచి స్టెల్లాంటిస్ అనే పెద్ద గుంపులో ఉంది. వెళ్ళింది మా వీధి చివర ఉన్న మనిషి.

ఇంజనాయిల్ ఒక్కటైనా ఇక్కడే మార్పిద్దామని పక్కనున్న షెడ్డుకు వెళ్ళాను ఒకసారి. అక్కడి కుర్రాడు డ్రమ్ములోంచి పట్టబోతుంటే ఏ గ్రేడని అడిగాను. "ఏదైతేనేం సార్, అన్నీ ఒకటే." అన్నీ ఒకటి కాదు. ఈ ఇంజన్లో గాలి లోపలికి వెళ్ళే వాల్వులను ఆయిల్ ఒత్తిడితోనే నడిపిస్తారు, మల్టీఎయిర్ అంటారు. ఆయిల్ తేడా అయితే ఆ వాల్వుల లెక్కే తేడా అవుతుంది. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-30 అని ఉంటే 0డబ్ల్యూ-30నే పొయ్యాలి. బానెట్ మూసి వచ్చేశాను. ఇప్పుడు ఒక ముసలి మెకానిక్ దొరికాడు, యూరప్ బళ్ళు మాత్రమే చూస్తాడు. ఆయిల్, ఫిల్టర్ నేనే కొనిచ్చి, ప్రతి ఐదు వేల మైళ్ళకూ మార్పిస్తున్నాను. కంపెనీ చెప్పినదాంట్లో సగం దూరమే, నా మనశ్శాంతి కోసం. నాలుగేళ్ళు లేదా 50 వేల మైళ్ళ వారంటీ 2022లో అయిపోయింది. పొడిగించుకోమని చాలా ఫోన్లు వచ్చాయి, తీసుకోలేదు. నెలకు 100 డాలర్లు ఒక ఖాతాలో వేసుకుంటున్నాను. ఇప్పటిదాకా అందులోంచి పోయినవి బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి. పెడల్ తొక్కితే నేరుగా బ్రేకులకు చేరదు, మధ్యలో కంప్యూటర్ ఉంటుంది. హైవే మీద గట్టిగా తొక్కాల్సి వచ్చిన రెండుసార్లూ గోడకు కొట్టినట్టు ఆగింది. కానీ ట్రాఫిక్‌లో పాకుతూ ఆపేటప్పుడు ఒక్కోసారి తల ముందుకు ఊగుతుంది. ఆరేళ్ళయినా మా ఆవిడకు ఇది అలవాటు కాలేదు.

ఇంట్లో వాడుకకు వస్తే మార్కులు తగ్గుతాయి. కొన్నప్పుడు మా వాడికి ఆరేళ్ళు, వెనక సీట్లో హాయిగా నిద్రపోయేవాడు. ఇప్పుడు పన్నెండు, వాడి మోకాళ్ళు నా నడుముకు తగులుతున్నాయి. డిక్కీ లోతుగానే ఉంటుంది గానీ నోరు చిన్నది. సోనా మసూరి సంచులు రెండు పెట్టాలంటే ఏటవాలుగా దూర్చాలి. స్క్రీన్ టచ్ కాదు, సీట్ల మధ్య ఉన్న గుండ్రటి గుబ్బతో తిప్పుకోవాలి. బండెక్కిన ప్రతి పిల్లాడూ దాని మీద వేలిముద్రలు వేసి, "పాడైపోయింది అంకుల్" అంటాడు. రివర్స్ కెమెరా బొమ్మ పాత పోస్టు స్టాంపంత. మధ్యలో త్రికోణం గ్రిల్ ఉండటంతో ముందు నెంబరు ప్లేటును పక్కకు బిగించారు. నుదుటి మధ్య ఉండాల్సిన బొట్టు కణతకు జరిగినట్టుంది అంటుంది అక్క. నాకు మాత్రం అదే అందం. మైలేజీ అంతా కలిపి గ్యాలన్‌కు 26, ప్రీమియం పెట్రోలు.

అమ్మితే ఎంతొస్తుందని పోయినేడు ఒకచోట అడిగాను. కొన్న ధరలో మూడో వంతు చెప్పారు, అదీ మొహమాటంగా. కొత్తది కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. అదే అంకె పాతది కొనేవాళ్ళకు లాభం. మా ఆఫీసులో ఒక కుర్రాడు ఇప్పుడు పాత జూలియా కోసం వెతుకుతున్నాడు, తనకు చెప్పిందే ఇక్కడా చెప్తాను. ఇంట్లో ఇంకో బండి ఉంటేనే కొను. సర్వీసు చేసేవాడు అరగంట దూరంలో ఉన్నాడో లేడో ముందు చూసుకో. టచ్ స్క్రీన్ కావాలంటే 2020 మోడల్ నుంచి చూడు. ఏ ఆయిల్ పోశారో రసీదులు అడుగు, లేవంటే ఎంత మెరుస్తున్నా వచ్చేయ్. తర్వాత బ్యాటరీ మీద తేదీ చూడు. దానికోసం డిక్కీ తెరవాలి, మా బావలా బానెట్ ఎత్తకు.