వేరు రాష్ట్రమా, రాసిచ్చిన వాటానా? సిక్కోలుకు ఏది మేలు?

ఉత్తరాంధ్ర వేరు రాష్ట్రం అయితే బాగుండునన్న మాట మా సిక్కోలు, అంటే శ్రీకాకుళం వైపు అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఆ మాట వెనకున్న బాధ నాకు తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటినీ తిన్నది. మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతున్నారు. పక్కనే ఇంత సముద్రం ఉండి కూడా.

వేరు పడితే విశాఖ ఆదాయం మనదే అవుతుందని ఒక లెక్క. పోర్టు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ అన్నీ అక్కడే. కానీ ఒక్క ఊరి మీద అన్నీ పెట్టుకుంటే ఏమవుతుందో 2014లో హైదరాబాద్ పోయినప్పుడు చూశాం. అసెంబ్లీ బిల్లును వద్దన్నా విభజన ఆగలేదు. కొత్త రాష్ట్రంలో శ్రీకాకుళం మళ్లీ విశాఖకు తోక జిల్లాగానే మిగిలిపోతుందేమోనని నా భయం.

అసలు చిక్కు నీళ్లది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. వంశధార మీద 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది, ఆ తర్వాత కూడా గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. పెద్ద రాష్ట్రంగా ఉండి తేల్చుకోలేనిది చిన్న రాష్ట్రంగా తేల్చుకోగలమా? మరోటి, మన వైపుకు గోదావరి నీళ్లు తెచ్చే ఉత్తరాంధ్ర సుజల స్రవంతి పథకానికి నీళ్లు రావాల్సింది పోలవరం ఎడమ కాలువ నుంచి. వేరు పడితే ఆ కాలువ తల పక్క రాష్ట్రంలో ఉంటుంది. అప్పుడు గోదావరి కోసం కూడా ట్రిబ్యునల్ మెట్లే.

గీత గీస్తే ఎలా ఉంటుందో ఒడిశా సరిహద్దులోని పాతపట్నం వాళ్లకు చెప్పక్కర్లేదు. 1936లో ఒడిశా ఏర్పడ్డాక పర్లాకిమిడి అటు పోయింది. బంధుత్వాలు ఇటూ అటూ ఉన్నాయి.

బ్రిటన్ సంగతి కూడా ఇందుకే ఆసక్తిగా చూశాను. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి పోవాలా అన్న 2016 ఓటింగ్‌లో యూరప్ నిధులు బాగా అందుకున్న వేల్స్‌లో ఎక్కువ మంది బయటికి పోదామన్నారు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండిపోదామన్నారు. చివరికి ఇద్దరూ కలిసే బయటికి పోయారు. 2021 మొదట్లో స్కాట్లాండ్ చేపలు యూరప్ చేరాలంటే కొత్త కాగితాలు, కొత్త ఆలస్యాలు. చేప ఆగితే ధర ఆగదని మన భావనపాడు మత్స్యకారులకూ తెలుసు.

ఉండిపోవడమే మేలంటాను, కానీ ఊరికే కాదు. విభజన తర్వాత వెనుకబడిన ఏడు జిల్లాలకు జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున కేంద్రం ఇచ్చింది. 2018లో మాత్రం రాష్ట్ర ఖాతాలో వేసిన 350 కోట్లు వెనక్కి తీసుకుంది. మాట మీద ఇచ్చిన డబ్బు అంతే. రాష్ట్ర బడ్జెట్‌లో ఉత్తరాంధ్ర వాటా ఇంత అని చట్టంలో ఉండాలి, దాని ఖర్చు లెక్క ఏటా జిల్లా పరిషత్ ముందు పెట్టాలి. ఇది నెమ్మదైన దారి. మన ఎమ్మెల్యేలు పార్టీలు పక్కన పెట్టి ఒకే మాట మీద నిలబడాలి, ఇప్పటిదాకా అదే జరగలేదు. అయినా ముందు అడగాల్సింది వేరు జెండా కాదు, వంశధార మీద నేరడి బ్యారేజీ.