మూడేళ్లుగా ఇంట్లో సోయా కొవ్వొత్తులు పోస్తున్నాను: బరంపురం ఎండలో, తేమలో నాకు తెలిసింది

ముందే చెప్పేస్తాను, మీకు కావలసింది వెలుగే అయితే సోయా కొవ్వొత్తి జోలికి వెళ్లకండి. కరెంటు పోయినప్పుడు దీని వెలుగు సరిపోదు, దానికి కిరాణా కొట్లో దొరికే మామూలు తెల్ల కొవ్వొత్తే మేలు. ఇది వాసన కోసం, సాయంత్రం ఇంట్లో ఒక మూల మెత్తగా వెలిగే మంట కోసం, అన్నిటికంటే ఎక్కువగా చేత్తో ఏదైనా చేసుకోవాలనే ఇష్టం ఉన్నవాళ్ల కోసం.

మాది ఒడిశాలోని బరంపురం. తుఫాన్లు మాకు కొత్త కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో అయిపోయిన కొవ్వొత్తుల ముక్కలన్నీ ఏరి, స్టీలు గ్లాసులో కరిగించి, మధ్యలో నూలు దారం నిలబెట్టి మళ్లీ వెలిగించుకున్నాం. మైనం మీద నాకు ఇష్టం పుట్టింది అప్పుడే. సోయా దాకా వచ్చింది మాత్రం 2022 దీపావళికి, ఒక ఆన్‌లైన్ కిట్ కొనుక్కుని. అప్పటి నుంచి ప్రతి విడతకీ తేదీ, తూకాలు, వేడి, ఆ రోజు వాన పడిందా ఎండ కాసిందా అన్నీ నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చాను, ఇప్పటికి 140 దాటాయి.

ఆ కిట్ సంగతి. కిలో మైనం, పది వత్తులు, చిన్న చిన్న సెంటు సీసాలు మూడు, ఒక థర్మామీటరు, నాలుగు రేకు డబ్బాలు. పేరు చెప్పను కానీ కొని డబ్బు దండగ చేసుకున్నాను. థర్మామీటరు మరిగే నీళ్లలో పెడితే 91 చూపించింది! వత్తులన్నీ ఒకే లావు, డబ్బాలు మాత్రం రెండు సైజులు. తూకం వేసేది లేదు, చెంచాలతో కొలవమని కాగితంలో రాశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కిట్ కొనకుండా మైనం, వత్తులు, గ్రాములు చూపించే చిన్న డిజిటల్ కాటా, మంచి థర్మామీటరు విడివిడిగా కొనుక్కోవడమే మంచిది. కాటా మొదట కొనండి. అది లేకుండా చేసిన మొదటి ఆరు కొవ్వొత్తుల్లో ఏ ఒక్కటీ రెండోసారి అలాగే చేయలేకపోయాను, ఎందుకు బాగా వచ్చిందో తెలియదు, ఎందుకు చెడిందో తెలియదు.

సోయా మైనం అంటే ఏమిటో అర్థమైతే సగం పని అయినట్టే. సోయాబీన్ నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచినదే ఇది, అంటే వనస్పతికి దగ్గర చుట్టం. 1990లలో అమెరికాలో కొవ్వొత్తుల వాడకంలోకి వచ్చింది. గాజు సీసాల్లో పోసే మెత్తని రకం సుమారు 46 నుంచి 50 డిగ్రీల మధ్య కరుగుతుంది, విడిగా నిలబడే కొవ్వొత్తులకి ఇంకా గట్టి రకం వేరే ఉంటుంది, కొనేటప్పుడు ఏ రకమో అడిగి తీసుకోండి. మే నెలలో మా ఊళ్లో ఉక్కపోత, ఆపైన రేకుల షెడ్డులోనో ఎండలో నిలబెట్టిన వ్యానులోనో పార్సిలు ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఒకసారి పొలుసుల్లా ఉండాల్సిన మైనం మొత్తం ఒకే ముద్దయి వచ్చింది. కంగారుపడి తిరిగి పంపేశాను, తర్వాత తెలిసింది అది పాడైనట్టు కాదని, చాకుతో ముక్కలు కొట్టి వాడుకోవచ్చని. చేసిపెట్టిన కొవ్వొత్తుల మీద కూడా ఎండాకాలంలో చెమట పట్టినట్టు నూనె చుక్కలు తేలతాయి. అది లోపలి సెంటు నూనె. పాత గుడ్డతో అద్ది, చల్లటి గదిలో పెట్టుకుంటే సరిపోతుంది. మేడ మీది గదిలో మాత్రం దాచకండి.

చేసే పద్ధతి పెద్ద కష్టం కాదు. పొయ్యి మీద నీళ్ల గిన్నె, అందులో మైనం గిన్నె, నేరుగా మంట మీద మాత్రం ఎప్పుడూ వద్దు. నేను వాడే సీసాలో అంచు కిందివరకు 200 గ్రాముల నీళ్లు పడతాయి, మైనం నీటికన్నా తేలిక కాబట్టి అదే చోట 180 గ్రాములే పడుతుంది. అందులో మైనం 165, సెంటు నూనె 13 గ్రాములు, అంటే సుమారు 8 శాతం. 10 శాతం దాటితే మైనం పట్టుకోలేక నూనె అడుగున మిగిలిపోతుంది. 80, 85 డిగ్రీల దగ్గర నూనె కలిపి రెండు నిమిషాలు మెల్లగా తిప్పాలి, బుడగలు వచ్చేలా చిలకకూడదు. 55, 60 మధ్యకి చల్లారాక సీసాలో పోయాలి. పుష్య మాసం చలికి సీసాలు చల్లగా ఉంటాయి, వేడి మైనం పోస్తే గాజుకి అక్కడక్కడా అంటుకోకుండా తడి మరకల్లా కనిపిస్తుంది, అందుకని ఆ రోజుల్లో సీసాల్ని ముందు గోరువెచ్చగా చేసుకుంటాను.

అసలు విషయం వత్తి. నేను చెప్పేదాంట్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. మైనం, సెంటు, సీసా ఎంత మంచివైనా వత్తి తప్పితే అన్నీ తప్పినట్టే. మన ఇంట్లో వత్తులు చేసే చేతులు ఉన్నాయి కదా అని నేను అత్తయ్య చేసిన దూది వత్తి పెట్టి చూశాను. నూనె దీపంలో అది బ్రహ్మాండంగా వెలుగుతుంది, మైనంలో మాత్రం కాసేపు పెద్ద మంటయి మసి కక్కి తర్వాత వంగిపోయి కరిగిన మైనంలో మునిగిపోయింది. కొవ్వొత్తికి జడలా అల్లిన నూలు వత్తి కావాలి. ఆ అల్లిక వల్ల కొస పక్కకి వంగి మంట అంచులో తనంతట తాను కాలిపోతూ ఉంటుంది. 1820లలో ఫ్రాన్స్‌లో ఈ అల్లిక వత్తి వచ్చేదాకా జనం కత్తెర పట్టుకుని మాటిమాటికీ కొస కత్తిరించాల్సి వచ్చేదట.

ఇక లావు. వత్తి సన్నగా ఉంటే మధ్యలో బావి తవ్వినట్టు కిందికి దిగిపోతుంది, చుట్టూ మైనం గోడలా మిగిలిపోతుంది, చివరికి మంట ఆ బావిలోనే ఊపిరాడక ఆరిపోతుంది. లావుగా ఉంటే మంట ఎగసి సీసా మూతి నల్లబడుతుంది, వత్తి కొసన పుట్టగొడుగులా బొగ్గు కడుతుంది. నా సీసా లోపలి వెడల్పు 7 సెంటీమీటర్లు. దానికి సరైన లావు దొరకడానికి నాలుగు సైజులు, పదకొండు సీసాలు పట్టాయి. వాసన మార్చినప్పుడు మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే చిక్కటి సెంటు నూనె వత్తిని అడ్డుకుంటుంది. ఇది విసుగు పుట్టించే పని, ఇందులో అడ్డదారి లేదు. కానీ సరిగ్గా కుదిరిన రోజు మంట కదలకుండా నిలబడి, కరిగిన మైనం అంచుదాకా అద్దంలా పరుచుకుంటుంది చూడండి, ఆ తృప్తి వేరు.

వాసనల్లో లావెండర్, వనిల్లా లాంటివి అన్నీ చూశాను. నా మనసు నిలిచింది మొగలి మీదే. మా గంజాం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊళ్ల చుట్టూ మొగలి పొదలు, వానాకాలంలో పూలు కోసి డేగులనే పెద్ద రాగి పాత్రల్లో ఉడికించి నూనె తీస్తారు, వాసనంతా మగ పువ్వుదే. గంజాం మొగలి పువ్వుకి, దాని నూనెకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒడియాలో కియా అంటారు. చిన్నప్పుడు అమ్మ ఎండిన మొగలి రేకులు పట్టుచీరల మధ్య పెట్టేది, బీరువా తలుపు తెరిస్తే వచ్చే ఆ వాసన నా కొవ్వొత్తిలో రావాలని మొదటి రోజు నుంచి పట్టుదల.

ఇక్కడే పెద్ద తప్పు చేశాను. మిఠాయిల్లో వేసే కేవడా నీళ్ల, అంటే మొగలి నీళ్ల సీసా బజార్లో కొనుక్కొచ్చి మైనంలో పోశాను. నీళ్లు మైనంలో కలవవు, అడుగుకి చేరిపోయాయి, వెలిగించాక వత్తి చిటపటలాడి ఆరిపోయింది. తర్వాత అసలు రూహ్, అంటే పువ్వు నుంచి తీసిన నూనె, కొందామని అడిగితే లీటరు లక్షల్లో ఉంది, చిన్న సీసాకే గుండె ఆగినంత పనైంది. చివరికి కొవ్వొత్తుల కోసమే తయారుచేసే మొగలి సెంటు నూనె తెప్పించాను. నిజమైన పువ్వు వాసనతో పోలిస్తే కొంచెం తీపి ఎక్కువ, ఆ పచ్చి ఘాటు తక్కువ. దాంట్లో కొద్దిగా గంధం వాసన కలిపాక నాకు కావలసినదానికి చాలా దగ్గరగా వచ్చింది, ఇప్పుడు మా ఇంట్లో అందరూ అడిగేది అదే. ఒక్కటి, మొగలి శివుడికి పనికిరాదు కదా, అందుకని కార్తీక సోమవారాలు మాత్రం దాన్ని దేవుడి గది దరిదాపుల్లో వెలిగించను.

పోసిన రోజే వెలిగించకండి. మైనం గట్టిపడినంత మాత్రాన అయిపోయినట్టు కాదు, సెంటు దానిలో సర్దుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మా అత్తయ్యది ఇచ్ఛాపురం వైపు, మొదటిసారి చూసి, "ఏటమ్మా, పదిరోజులు దాచి అప్పుడెలిగిస్తావా, ఇది దీపమా, ఆవకాయా?" అంది. నేను అప్పటి నుంచి దాన్ని ఊరబెట్టడం అనే అంటున్నాను, అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు. ఒకే విడతలో చేసినవి రెండో రోజు ఒకటి, పద్నాలుగో రోజు ఒకటి వెలిగించి చూశాను, పద్నాలుగో రోజుదాని వాసన వసారా దాకా వచ్చింది, రెండో రోజుది దగ్గరకెళ్లి వంగితే గానీ తెలియలేదు. మొదటిసారి వెలిగించినప్పుడు కరిగిన మైనం అంచుదాకా చేరేవరకు ఆర్పకూడదు, నా సీసాకి మూడు గంటలు. నాలుగు గంటలు దాటి మాత్రం ఎప్పుడూ వెలిగించను. ప్రతిసారీ వత్తిని 5, 6 మిల్లీమీటర్లకి కత్తిరించుకోవాలి.

పైన తెల్లగా పొర, మంచుపూలలాగా, వస్తే బూజు అనుకోకండి. నెయ్యి పేరుకున్నప్పుడు గింజ కడుతుంది చూడండి, అదే రకం. వాతావరణం వేడికీ చలికీ మారే కొద్దీ ఎక్కువవుతుంది. వెలగడానికి అడ్డం కాదు. రంగు వేసినవాటిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి రంగు వేయడం మానేశాను.

మన ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఫ్యాను. గాలికి మంట ఒక పక్కకి వాలి ఆ వైపు గాజు నల్లబడుతుంది, ఒకవైపే కరుగుతుంది. మా బరంపురంలో చైత్రం నుంచి ఫ్యాను ఆపి కూర్చోవడం కుదిరే పని కాదు. అందుకని నా లెక్కలో ఇది వానాకాలం చివరి నుంచి శివరాత్రి దాకా నడిచే సరదా, ఎండాకాలంలో పోసి దాచుకోవడమే.

జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. పల్చటి టీ గ్లాసులో పోసినది అడుగుదాకా కాలనిస్తే టేబుల్ మీదే పగిలింది, అదృష్టం కొద్దీ పక్కన ఎవరూ లేరు. దళసరి జామ్ సీసాలు వాడండి, అడుగున సెంటీమీటరు పైన మైనం మిగిలి ఉండగానే ఆపేయండి. కొబ్బరి చిప్పల్లో పోసిన ఫోటోలు అందంగా ఉంటాయి, ఆ చిప్ప కూడా అంటుకునే వస్తువే, నేను వద్దంటాను. మట్టి ప్రమిదలు మైనాన్ని పీల్చేస్తాయి. మైనానికి మంట అంటుకుంటే నీళ్లు పోయకండి, పొయ్యి కట్టేసి గిన్నె మీద మూత పెట్టేయండి. గిన్నెలు సింకులో కడగకండి, వేడి ఉండగానే పాత పేపరుతో తుడవాలి. నేను కడిగాను, నూతిలో సిమెంటు పోసినట్టు పైపు బిగుసుకుపోయింది, ప్లంబరుకి 600 ఇచ్చాను.

ఖర్చు: మైనం కిలో నాకు 350 దాకా పడుతోంది, సెంటు, వత్తి కలిపి సీసాకి 110 రూపాయలు, కొత్త సీసా అయితే 170. అమ్మకం గురించి అడిగేవాళ్లు చాలామంది. దీపావళికి చుట్టాలకి, తెలిసినవాళ్లకి ఇచ్చాను, రెండేళ్లు కొన్ని అమ్మాను కూడా, కానీ పరీక్షల్లో పోయిన మైనం, నా గంటలు కలుపుకుంటే లాభమని చెప్పలేను. సోయా అసలు పొగే రాదని చెప్పేవాళ్లని నమ్మకండి, వత్తి తప్పితే దీనికీ మసి వస్తుంది. అత్తయ్యకి ఆయాసం ఉంది, మూసిన గదిలో ఏ సెంటు కొవ్వొత్తయినా ఆవిడకి పడదు, కిటికీ తెరిచి వసారాలోనే వెలిగిస్తాం.

ఇప్పుడు చెక్క వత్తి మీద పని చేస్తున్నాను, సన్నని చెక్కపట్టీ, వెలిగితే కట్టెల పొయ్యిలా చిన్నగా చిటపటమంటుంది. వానాకాలంలో మాత్రం తేమకి మాటిమాటికీ ఆరిపోతోంది. పట్టీలని రెండు రోజులు బియ్యం డబ్బాలో దాచి, తర్వాత పోసిన మూడు సీసాలు బీరువాలో ఊరుతున్నాయి, వచ్చే పౌర్ణమికి పద్నాలుగు రోజులవుతాయి.