పెబుల్ కొండ ఎక్కితే అర్థమైన మే 25

2016లో విశాఖలో ఫ్లీట్ రివ్యూ జరిగినప్పుడు విమాన వాహక నౌక విరాట్‌ను దూరం నుంచి చూశాను. 1982లో హెర్మీస్ పేరుతో, అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్ దీవుల యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద దిక్కుగా నిలిచిన ఓడ అదేనని తెలిసినప్పటి నుంచి ఆ దీవులు చూడాలని ఉండేది. మొన్న తమ్ముడితో కలిసి వెళ్లొచ్చాను. చిలీలోని పుంటా అరీనాస్ మీదుగా వారానికి ఒకే విమానం, శనివారం. వెళ్తే వారం ఉండాల్సిందే.

దీవుల రాజధాని స్టాన్లీలో మ్యూజియం బాగుంది, ఒక పూట చాలు. బస మాత్రం నిరాశపరిచింది. ముందే బుక్ చేసుకున్న గది వేరేవాళ్లకు ఇచ్చేసి, హీటర్ సరిగా పనిచేయని చిన్న గదిలో పెట్టారు. బుకింగ్ కాగితం చూపించినా ఫలితం లేదు.

ఆ దీవుల్లోనే ఒకటైన పెబుల్ ఐలండ్‌కు చిన్న విమానంలో వెళ్లాలి. సామానుతో పాటు మనల్నీ తూకం వేస్తారు. గాలి ఎక్కువైతే ఆగిపోవచ్చు, వెనక్కి వచ్చే రోజు దగ్గర పెట్టుకోకండి. లాడ్జ్ ఖరీదే. కానీ వెచ్చటి గది, జీపు, దారి చూపించే మనిషి అన్నీ అందులోనే. మేం మాంసం తినం అని ముందే చెబితే మాకు విడిగా వండారు.

అక్కడి కొండ మీద బ్రిటిష్ యుద్ధనౌక హెచ్.ఎం.ఎస్. కోవెంట్రీ స్మారకంగా ఒక శిలువ ఉంది. ఉత్తరాన కనిపించే సముద్రంలోనే ఆ ఓడ 1982 మే 25న మునిగింది. ఆ రోజు అర్జెంటీనా జాతీయ దినం. కోవెంట్రీ, మరో బ్రిటిష్ యుద్ధనౌక బ్రాడ్‌స్వర్డ్ రెండూ మిగతా ఓడలకు కాపలాగా అక్కడ నిలబడ్డాయి. పొద్దున కోవెంట్రీ అర్జెంటీనా స్కైహాక్ యుద్ధ విమానాలు రెండింటిని కూల్చింది కూడా. మధ్యాహ్నం మరో నాలుగు వచ్చాయి, నేలను రాసుకుంటున్నట్టు కిందుగా. వెనక నేల ఉంటే అప్పటి రాడార్‌కు విమానం వేరుగా దొరకదని చదివినప్పుడు నాకు పట్టలేదు. కొండ మీద నిలబడి వెనక్కి తిరిగి ఆ గుట్టలు చూశాక పట్టింది. బ్రాడ్‌స్వర్డ్ క్షిపణి గురి పెట్టేసరికి కోవెంట్రీ తిరుగుతూ దానికే అడ్డం వచ్చింది. మూడు బాంబులు తగిలాయి, రెండు పేలాయి. ఇరవై నిమిషాల్లో ఓడ తిరగబడింది. 19 మంది పోయారు. గాలి చెవుల్లో హోరెత్తుతుంటే మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

అదే రోజు అట్లాంటిక్ కన్వేయర్ అనే బ్రిటిష్ సరుకు ఓడకు అర్జెంటీనా ఎక్సోసెట్ క్షిపణులు తగిలాయి. 12 మంది చనిపోయారు, అందులో ఉన్న మూడు చినూక్ రవాణా హెలికాప్టర్లు కాలిపోయాయి. గాల్లో ఉన్న ఒక్క చినూక్ మిగిలింది. దాంతో శాన్ కార్లోస్‌లో దిగిన బ్రిటిష్ సైనికుల్లో చాలామంది స్టాన్లీ వైపు బరువులు మోస్తూ నడవాల్సి వచ్చింది. మేము ఆ దారిలో కారులో వెళ్తేనే నడుము పట్టేసింది. అటు ఇటు అంతా బురద నేల, రాళ్లు. శాన్ కార్లోస్ స్మశానం చిన్నది, శుభ్రంగా ఉంచారు.

టూర్ వాళ్లు డార్విన్ అనే ఊరి దగ్గరి అర్జెంటీనా సైనికుల సమాధులకు పది నిమిషాలే ఇస్తామన్నారు. గట్టిగా అడిగి గంట ఉన్నాం. ఒకప్పుడు అక్కడ చాలా రాళ్ల మీద పేరు బదులు ‘దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు’ అని ఉండేది. 2017లో రెడ్‌క్రాస్ మొదలుపెట్టిన డీఎన్ఏ పరీక్షల తర్వాత చాలావాటి మీద ఇప్పుడు పేర్లున్నాయి. వరుసలో నడుస్తూ వీలైనన్ని పేర్లు చదివాం.